వయ్యారిభామ చిరునామా

తృతీయ బి.యస్సీ. (వృక్షశాస్త్రం)

వయ్యారిభామ అన్న పేరు చూసి ఇదేదో కవితో కథానికో అనుకుని ఈ పుట దగ్గర ఆగిన మిత్రులకు ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఇది కలుపుమొక్కను గురించిన వ్యాసం. కవితలు ఈ సంచికలో వేరేచోట దండిగా ఉన్నాయి. హాస్టలు వెనక, సైకిల్ స్టాండు పక్కన, ఆటస్థలం అంచున, తెల్లటి చిన్నచిన్న పూలతో, క్యారెట్ ఆకులాంటి ఆకులతో నడుమెత్తున నిలబడి ఉంటుందే, అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. శాస్త్రీయనామం పార్థీనియం హిస్టరోఫోరస్. పేరుకు గడ్డే గాని గడ్డిజాతి కాదు. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. దీని స్వస్థలం అమెరికా ఖండాలు. ఒక్క మొక్క పదిహేను ఇరవై వేల గింజలు రాలుస్తుంది. తాకితే కొందరికి చర్మం మీద దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం.

ఒక దేశపు మొక్క ఇంకో దేశం పోయినంత మాత్రాన దాన్ని తప్పుపట్టనక్కర లేదు. మనం తినే మిరపకాయ, టమాట, చివరికి మా ఇంటికి ఇన్నేళ్ళుగా అన్నం పెడుతున్న వేరుశనగ కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే. వచ్చిన చోట ఎవరి ప్రమేయమూ లేకుండా పెరిగిపోయి, అక్కడున్న పంటనో పశువుల మేతనో చెరువునో మింగేసే మొక్కను మాత్రం దురాక్రమణ మొక్క అంటారు. చెరువుల్లో గుర్రపుడెక్క అలాంటిదే. బీళ్ళలో సర్కారు తుమ్మ అలాంటిదే. వీటిని అదుపు చెయ్యడానికి మందులున్నాయి, పురుగులున్నాయి, కొడవలి ఉంది. ఇప్పుడు వీటి సరసన పటం కూడా చేరింది. కంప్యూటరులో, చేతిలోని ఫోనులో, ఎవరైనా చూడగలిగే, ఎవరైనా చుక్క పెట్టగలిగే పటం. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

పటంతో కలుపు చస్తుందా అని మీరు అడగవచ్చు. మా అబ్బ అడిగినాడు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఫోనులో పటం తెరిచి, దేశం నిండా వయ్యారిభామ చుక్కలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని కాసేపు చూసి, "యాడ చూసినా ఉండేదానికి పటం యాలరా? యాడ లేదో అది చెప్పు, ఇంత పనికొస్తాది" అన్నాడు. అప్పటికి నవ్వేశాను గాని, తర్వాత చదివినకొద్దీ ఈ విద్యలో కీలకమంతా ఆ మాటలోనే ఉందని నాకు తోచింది. అది ఎట్లాగో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం బీరువా ఉన్నది. మొదటి సంవత్సరంలో అందరం తిట్టుకుంటూ మొక్కలు పేపర్ల మధ్య ఎండబెట్టి అట్టకు అతికించినవాళ్ళమే. అట్ట కింద కుడివైపు మూలన ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవాడి పేరు. చీటీ లేని నమూనాకు మా మాస్టారు మార్కులు వెయ్యరు. ఎందుకని అప్పట్లో అర్థం కాలేదు. వయ్యారిభామ కథ చదివాక అర్థమయింది. 1955లో పూణేలో ఈ మొక్క కంటబడిందనీ, పి.ఎల్. 480 పథకం కింద అమెరికా నుంచి దిగుమతి అయిన గోధుమల్లో కలిసి వచ్చిందనీ మనం పుస్తకాల్లో చదువుకుంటాం. అయితే అంతకు చాలా ముందే మన దేశంలో సేకరించిన ఎండు నమూనాలు హెర్బేరియాల్లో ఉన్నాయని తర్వాతివాళ్ళు చూపించారు. గోధుమలతో మళ్ళీ వచ్చి ఉండవచ్చు, అప్పుడే జోరుగా వ్యాపించి ఉండవచ్చు. కాని మొదటి రాక అది కాదు. అందరూ చెప్పుకునే ఒక కథను పక్కకు జరిపింది ఏమిటయ్యా అంటే, అట్ట మూలన ఉన్న ఆ చీటీ.

నేటి కంప్యూటరు పటంలో ప్రతి చుక్కా అలాంటి చీటీయే. అదే పేరు, అదే చోటు, అదే తేదీ, అదే చూసినవాడు. ఎండు మొక్కకు బదులు ఫోటో. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యార్థులు తమ ఎం.ఎ. స్థాయి ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ఐనేచురలిస్ట్ అనే సాధనం ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. (ప్రాజెక్టు రికార్డును గైడు గారి సంతకం కాగానే అటక మీద పడేసే మనబోటివాళ్ళు ఇది గమనించవలసిన విషయం.) అందులో మీరు ఫోటో పెడతారు, పేరు ఊహిస్తారు. దాన్ని చూసిన ఇతరులు ఒప్పుకుంటారు లేదా కాదంటారు. తేదీ, చోటు, ఫోటో ఉండి, పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులకు మించి ఒకే మాట మీద ఉంటే అది పరిశోధనకు పనికివచ్చే స్థాయి అని ముద్ర పడుతుంది. అలా ముద్రపడిన చుక్కల్లో పెట్టినవాళ్ళు అనుమతించినవి, 2001లో ఏర్పడి కోపెన్‌హాగెన్ కేంద్రంగా పనిచేసే జీబిఫ్ అనే ప్రపంచ భాండాగారంలోకి చేరుతాయి. పాత హెర్బేరియం చీటీలు కూడా కంప్యూటరుకెక్కి అక్కడికే చేరుతున్నాయి. మన దేశంలో 2008లోనే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వచ్చింది. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వారు 2005లో ప్రారంభించిన ఎడ్‌మ్యాప్స్ కేవలం దురాక్రమణ జీవుల కోసమే ఏర్పడినది. అందులో మీరు పంపిన సమాచారాన్ని ఆ ప్రాంతపు నిపుణుడు సరిచూసి గాని ఖాయం చెయ్యడు.

ఇక్కడ చోటు అనే దాన్ని గురించి ఒక్క ముచ్చట. ఫోను మనకు అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో ఇస్తుంది. దశాంశ బిందువు తర్వాత రెండంకెలే రాస్తే ఆ చుక్క కిలోమీటరు అటో ఇటో ఉండవచ్చు. అంటే ఊరు తెలుస్తుంది, చేను తెలియదు. నాలుగంకెలు రాస్తే సుమారు 11 మీటర్లు. అంటే గట్టు తెలుస్తుంది. ఐదంకెలు రాస్తే ఒక మీటరు చిల్లర. అయితే ఆకాశం బాగా కనపడే చోట కూడా మామూలు ఫోను ఐదు నుంచి పది మీటర్ల తేడా చూపుతుంది గనుక, ఆ ఐదో అంకెను చూసి మురిసిపోనక్కర లేదు. చింతచెట్టు కింద నిలబడి చుక్క పెడితే ఇంకా దూరం పోతుంది. మా గట్టు మీది మొక్క పక్క చేనివాళ్ళ బావిలో తేలినట్టు కనపడుతుంది! తేడా ఎంతో కూడా చుక్కతోబాటు నమోదయ్యే ఏర్పాటు ఐనేచురలిస్ట్‌లో ఉంది. చుక్కను నమ్మే ముందు ఆ అంకె చూడాలి.

ఇంతా చేసి చోటు తెలిస్తే ఏమిటి లాభం? దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. ఇప్పుడు 2022 నుంచి అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలయినాయి గాని, 2000 సంవత్సరంలో ఒకటే అనంతపురం. ఆ యేడు ఖరీఫులో వేరుశనగ చేలలో లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచి, మొవ్వు మాడి, కాండం నల్లబడి, మొక్కలు నిలువునా చచ్చిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. నేను అప్పటికి పుట్టలేదు. మాది తొమ్మిదెకరాల మెట్ట చేను. ఆ యేడు పీకిన కట్టెకు కాయలే లేవనీ, ఉన్న కాయ మీద కూడా నల్లమచ్చలనీ, వ్యాపారి కల్లం దగ్గరికి వచ్చి చేతిలోకి తీసుకుని చూసి తిరిగి కిందపోసి వెళ్ళిపోయినాడనీ మా అవ్వ ఇప్పటికీ చెబుతుంది. ఎద్దులను ఆ శీతాకాలమే అమ్మినారు. మా ఇంట్లో మళ్ళీ ఎద్దులు రాలేదు. ట్రాక్టరు బాడుగే.

మొదట అది మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. లక్షణాలు అంత దగ్గరగా ఉంటాయి. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించగా అది వేరే వైరస్ అని తేలింది. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. తెగులుకు కాండం కుళ్ళు అని పేరు పెట్టారు. చిత్రమేమిటంటే ఈ వైరస్ వేరుశనగ విత్తనం ద్వారా రాదు, వేరుశనగ మొక్క నుంచి పక్క మొక్కకు సులువుగా పోదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? గట్టు మీది వయ్యారిభామ నుంచి. ఆ మొక్కకు వైరస్ సోకినా జబ్బు కనపడదు. పచ్చగా, నిగనిగలాడుతూ, పూస్తూనే ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. తామరపురుగులు ఆ పూలలో తిరిగి ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని గాలికి కొట్టుకొచ్చి వేరుశనగ లేతాకు మీద వాలుతాయి. పుప్పొడి ఆకు మీద రాలుతుంది. పురుగు ఆకును గీకి రసం పీల్చినప్పుడు పడిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. పురుగు కుట్టి ఎక్కించేది ఏమీ లేదు. అది కేవలం మోసుకొచ్చే కూలీ.

ఇక కాలం లెక్క చూడండి. మనకు సంవత్సరానికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర వర్షం. తొలి వానకు గట్టు మీది వయ్యారిభామ గింజలు మొలుస్తాయి. నెలా నెలన్నరకు పూత. ఆ మధ్యలో పదును చూసుకుని మనం విత్తనం వేస్తాం. మన పైరు ఇంకా బాల్యంలో ఉండగా గట్టు మీది కలుపు పూతలో ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు వైరస్ సోకిన మొక్క ఇక లేవదు. కనుక వయ్యారిభామను పూతకు ముందు పీకాలి. పూత వచ్చాక పీకడమంటే పుప్పొడిని మనమే దులిపినట్టు. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఇదే: పూతకు ముందు గట్లు శుభ్రం చెయ్యండి, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వేసి గాలికి కొట్టుకొచ్చే పురుగుకు అడ్డం పెట్టండి అని.

పీకడానికి మనకు దొరికేది తొలి వాన తర్వాత మూడు నాలుగు వారాలు. ఆ వారాల్లోనే దుక్కి, విత్తనం, అప్పు, కూలీలు అన్నీ. ఊరి చుట్టూ ఉన్న గట్లన్నీ, వంకలన్నీ, రస్తాల పక్కలన్నీ ఎవరు తిరుగుతారు? ముందు ఎక్కడికి పోవాలో తెలిస్తే సగం పని అయినట్టే. భూమిలో పడిన వయ్యారిభామ గింజ కొన్నేళ్ళు చెడకుండా ఉంటుంది గనుక, పోయిన యేడు పూసిన చోటే ఈ యేడూ మొదట మొలుస్తుంది. అందుచేత పోయిన యేటి పటం ఈ యేటి పనికి దారి చూపిస్తుంది. చోటుతో లాభమేమిటంటే ఇదీ.

దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మలాంటి కథ అమెరికాలో జరిగింది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో కుడ్జు అనే తీగ ఉంది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు జపాను నుంచి అలంకారానికని వచ్చింది. 1930లలో అక్కడి ప్రభుత్వమే నేలకోత ఆపడానికి నాటించి, రైతులకు ఎకరానికి ఇంతని డబ్బు కూడా ఇచ్చింది. తర్వాత అది చెట్లను, కరెంటు స్తంభాలను, పాడుబడిన ఇళ్ళను కప్పేసింది. ఇది ఒక సంగతి. రెండో సంగతి, 2004 నవంబరులో లూసియానాలో సోయాచిక్కుడు తుప్పు తెగులు మొదటిసారి కనపడింది. ఈ తెగులుకు పచ్చని ఆకు లేనిదే బతుకు లేదు. చలికాలంలో సోయా చేలు ఉండవు. అది గల్ఫు తీరపు వెచ్చని జాగాల్లో కుడ్జు ఆకుల మీద తలదాచుకుని, ఎండలు రాగానే ఉత్తరాదికి ప్రయాణం కడుతుంది. మన గట్టు మీది వయ్యారిభామ చేసే పనే అక్కడ కుడ్జు చేసింది. అక్కడా దెబ్బతినేది కాయధాన్యపు పంటే.

2005లో అమెరికా వ్యవసాయశాఖ ఏం చేసిందంటే, రాష్ట్రాల్లో అక్కడక్కడ కాపలా మళ్ళు ఏర్పాటు చేసింది. వాటిలో కొన్ని సోయా మళ్ళు, కొన్ని కుడ్జు పొదలు. మనుషులు క్రమం తప్పకుండా పోయి ఆకులు తిప్పి చూసేవారు. చూసిన సంగతి కంప్యూటరు పటం మీద అందరికీ కనపడేది. తెగులు దొరికిన కౌంటీకి ఎరుపు. వెతికినా దొరకని కౌంటీకి పచ్చ. ఎవరూ వెతకని కౌంటీకి ఏ రంగూ లేదు.

చదువుతూ ఈ పచ్చరంగు దగ్గర నేను ఆగిపోయాను. ఎరుపు చూసి భయపడి మందు కొట్టడం ఎవరైనా చేస్తారు. కాని పచ్చ చూసి మందు కొట్టకుండా ఆగడం, ఆ డబ్బు ఇంట్లో మిగలడం, అదే ఆ పటం చేసిన అసలు మేలు. ఆ శాఖ ఆర్థికవేత్తలు 2006లో లెక్క కట్టారు: 2005 ఒక్క సంవత్సరంలో ఈ సమాచారం వల్ల రైతులకు కలిగిన లాభం, ఎలా లెక్కవేసినా, 1.1 కోట్ల డాలర్లకు తగ్గదు, 29.9 కోట్ల దాకా ఉండవచ్చు. అయిన ఖర్చు 26 లక్షల నుంచి 50 లక్షల డాలర్లు. యాడ లేదో చెప్పు అని మా అబ్బ అడిగిన దానికి అమెరికాలో కట్టిన వెల ఇది.

ఇప్పుడు మన పటాలకు వద్దాం. వాటిలో చుక్కలు ఉన్నాయి. ఎక్కడున్నాయి? పెద్ద పట్నాల్లో, రహదారుల వెంబడి, విశ్వవిద్యాలయాల ఆవరణల్లో, అభయారణ్యాల దగ్గర. అంటే ఫోను, తీరిక, ఆసక్తి మూడూ ఉన్నవాడు నడిచిన చోట. మా మండలం దగ్గర తెరిచి చూస్తే రస్తా పక్కన ఒకటి రెండు చుక్కలు తప్ప తెల్లగా, శుభ్రంగా ఉంది. చూస్తే వయ్యారిభామ అంటే ఏమిటో మా మండలం ఎరగదనిపిస్తుంది! కొత్తవాడు ఆ పటం చూసి జిల్లాలో కలుపు ఎక్కువ పట్నంలోనే ఉంది, పల్లెలు బాగున్నాయి అని రాసుకున్నా ఆశ్చర్యం లేదు. కాలం విషయంలోనూ ఇలాగే. 2016లో లాస్ ఏంజిలెస్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య పోటీగా మొదలై ఇప్పుడు మన దేశపు నగరాలు కూడా పాల్గొంటున్న సిటీ నేచర్ ఛాలెంజ్ ఏటా ఏప్రిల్ నెలాఖరులో జరుగుతుంది. ఆ నాలుగు రోజుల్లో చుక్కలు కుప్పలుగా పడతాయి. మంచిదే. కాని ఏప్రిల్ నెలాఖరున మా చేని గట్టు మీద ఎండిన పుల్లలు తప్ప ఏముంటుంది? మా మొక్కకు పండుగ జూలైలో.

చుక్కలు పెరిగితే కలుపు పెరిగిందని కాదు, చూసేవాళ్ళు పెరిగారని కూడా కావచ్చు. చుక్క లేకపోతే కలుపు లేదని కాదు, చూసినవాడు లేడని కావచ్చు. ఐనేచురలిస్ట్‌లో 'వెతికాను, లేదు' అని రాయడానికి చోటు లేదు. అది దాని తప్పు కాదు, దాని ఉద్దేశం వేరు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు వాడే ఐమ్యాప్‌ఇన్వేసివ్స్‌లో మాత్రం ఉంది, వెతికితే దొరకలేదు, ఫలానా తేదీన తొలగించాం, అని మూడు రకాల నమోదూ ఉంటుంది. కలుపును అదుపు చెయ్యాలనుకునే వాళ్ళకు ఈ మూడూ కావాలి. కేవలం మొదటిది ఒక్కటే ఉన్న పటం గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

ఉపగ్రహాలుండగా మనుషులు తిరగడమెందుకు అని భౌతికశాస్త్ర మిత్రుడొకడు వాదించాడు. కొంత నిజముంది. 2015లో ఒకటి, 2017లో రెండోది ఐరోపావారు పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాలు కొద్దిరోజులకొకసారి మన నెత్తి మీదుగా పోతూ తీసే చిత్రాలు ఎవరికైనా ఉచితం. వాటిలో ఒక్కో గడి నేల మీద 10 మీటర్ల చదరం. సర్కారు తుమ్మకు అది చాలు. 1878లో కడప ప్రాంతపు కమలాపురంలో జమైకా విత్తనంతో నాటారని చెప్పే ఈ చెట్టు (కుడ్జు లాగానే ప్రభుత్వం వారి చలువ, పేరులోనే ఉంది) ఏప్రిల్, మే నెలల్లో చుట్టూ ఉన్న నేలంతా ఎండిపోయినా పచ్చగా ఉంటుంది. పచ్చని ఆకు కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఆ వెలుగును కొలిచి ఎండాకాలపు చిత్రంలో పచ్చని ముద్దలను వేరుచేయవచ్చు. తర్వాత అవి వేపలా, కానుగలా, మామిడి తోటలా, సర్కారు తుమ్మా అన్నది ఎవరో ఒకరు పోయి చూసి రావాలి. చెరువులో గుర్రపుడెక్క కూడా ఇలాగే దొరుకుతుంది. కాని మూడడుగుల వెడల్పు గట్టు మీద, అరచేతి వెడల్పున నేలకు అంటుకుని ఉన్న వయ్యారిభామ లేత మొక్క ఆ పది మీటర్ల గడిలో ఎక్కడ? దానికి నడిచే కాళ్ళే గతి.

అందుకని పోయిన ఖరీఫులో నేనూ మా మేనమామ కొడుకూ కలిసి మూడు ఆదివారాలు తిరిగాం. పద్ధతి చాలా సులువు. ఊరి చుట్టూ ఉన్న బండిబాటలను, వంకలను, గట్లను ముక్కలుగా విడగొట్టుకున్నాం. ఒక్కో ముక్కా నూరు అడుగులు. ప్రతి ముక్క చివరా ఆగి, ఉందా లేదా అని రాసుకున్నాం. ఉంటే లేతదా, మొగ్గ మీద ఉందా, పూసిందా అని కూడా. ఉన్నచోట ఫోటో తీసి ఐనేచురలిస్ట్‌లో పెట్టాం. ఉన్నదీ లేనిదీ రెండూ గూగుల్ మై మ్యాప్స్‌లో సొంత పటం చేసుకుని ఎరుపు, పచ్చ చుక్కలుగా పెట్టాం. ఫోటో విషయంలో ఒక జాగ్రత్త. లేత వయ్యారిభామను చామంతి అనో మాచిపత్రి అనో పొరబడటం సులువు. మొక్క మొత్తం ఒకటి, ఆకు దగ్గరగా ఒకటి, పువ్వుంటే అది ఒకటి, మూడు ఫోటోలుంటే దూరదేశపు నిపుణుడు కూడా తేల్చి చెప్పగలడు.

ఊళ్ళో అందరూ సంతోషించలేదు. ఒక పెద్దాయన చేనిగట్టు దగ్గర మమ్మల్ని ఆపి, "నా చేను పటంలో పెట్టి కలుపుచేను అని లోకమంతా చాటితే రేపు కొనేవాడు రేటు తగ్గించడా?" అన్నాడు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఏ పటమైనా ఎవరి చేతిలో పడుతుందో పెట్టినవాడికి తెలియదు. ఐనేచురలిస్ట్‌లో చుక్కను అందరికీ సరిగ్గా చూపవచ్చు, మసకగా చూపవచ్చు, దాచనూ వచ్చు. మేము ఆయనతో మాట్లాడి, చేనుల మధ్య గట్లను మా సొంత పటానికే పరిమితం చేశాం. బండిబాట, వంక, రస్తా వంటి ఉమ్మడి జాగాలను మాత్రమే బయటపెట్టాం. అప్పుడు ఆయనే మాకు తెలియని ఒక వంక మలుపు చూపించినాడు.

పటం పూర్తయ్యాక చూస్తే ఎరుపు చుక్కలు చల్లినట్టు లేవు, గీత గీసినట్టు ఉన్నాయి. రస్తా నుంచి బండిబాట, బండిబాట నుంచి కల్లాలు, దిబ్బలు. ట్రాక్టరు చక్రాల మట్టితో, పశువుల ఎరువుతో, వంకనీటితో గింజ ప్రయాణం చేస్తుందని పుస్తకంలో చదివిందే, మా ఊరి నేల మీద రాసి ఉంది. ఊరికి తూర్పున, బాట పోని గుట్ట కింది చేలన్నీ పచ్చ చుక్కలే. మా నాయనకు చూపించాను. ఆయన ఎరుపు వైపు చూడలేదు. పచ్చ వైపు వేలు పెట్టి, "ఈడికి ట్రాక్టరు పోయేటప్పుడు చక్రాలు కడిగి పంపితే చాలు కదా" అన్నాడు. ఎంతో చదివి నేను తేల్చుకోలేనిది ఆయన అర నిమిషంలో తేల్చాడు.

మన కళాశాలకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి చదివే విద్యార్థులు వందల్లో ఉన్నారు. ప్రతివాడికీ సెలవు దొరికే ఊరొకటుంది, జేబులో ఫోనుంది. వృక్షశాస్త్రం వాళ్ళు గుర్తుపట్టడం నేర్పితే, కంప్యూటరు వాళ్ళు చుక్కలన్నీ ఒక పటంలో కూర్చితే, ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఎలాగూ ఉండనే ఉన్నది. శిబిరం తేదీలు మాత్రం మార్చాలి. చలికాలంలో పెట్టి, పూసి గింజరాల్చిన మొక్కలను ఫోటోల కోసం పీకడం వల్ల ప్రయోజనం లేదు. పైగా గింజలు మన బూట్లకే అంటుకుని ఇంకో ఊరు చేరతాయి. తొలి వాన పడిన మూడో ఆదివారం అనుకుందాం. అప్పటికి మొక్క అరచేతి అంత ఉంటుంది, వేరుతో సహా సులువుగా వస్తుంది. నూరు అడుగులకొకసారి ఆగాలి. లేకపోతే లేదని రాయడం మరిచిపోకూడదు. ఆ కాగితం నకలు ఒకటి ఊరి వ్యవసాయ సహాయకుడికి ఇవ్వాలి. చేతులకు తొడుగులు, ఒంటినిండా బట్ట తప్పనిసరి. దద్దుర్లు వచ్చే తత్త్వం ఉన్నవాళ్ళు పీకే పని పెట్టుకోకుండా రాసే పని తీసుకుంటే మంచిది. ఆసక్తి ఉన్నవారు మా విభాగంలో హెర్బేరియం బీరువా పక్కనున్న నోటీసు బోర్డు మీద తమ ఊరు, మండలం రాసిపోతే, మొదటి వాన లోపల ముక్కలు పంచుకోవచ్చు. ఇప్పటికి అక్కడ నాలుగు ఊళ్ళ పేర్లున్నాయి.